కొత్త క్రెడిట్ కార్డుకు పరిమితి పెంచమని అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కార్డు చేతికి రాగానే చాలామంది మొదట చూసేది దాని పరిమితినే. అనుకున్నదానికంటే తక్కువ కనబడితే మనసు చివుక్కుమంటుంది. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి పెంచమని అడగాలనిపిస్తుంది. ఆ ఫోన్ చేయడానికి ముందు తెలుసుకోవలసినవి, చేసినప్పుడు చెప్పవలసినవి, కాదన్నాక చేయవలసినవి ఇక్కడ ప్రశ్నలూ జవాబులుగా రాశాను. ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ ఇవే సంగతులు ఏళ్లుగా విడివిడిగా చెబుతూ వచ్చాను. అన్నిటికీ మూలం ఒక్కటే. మీరు తీసుకున్నది తిరిగి కడతారనడానికి బ్యాంకు దగ్గర ఆధారం ఉండాలి. కొత్త కార్డు విషయంలో ఆ ఆధారం ఇంకా పుట్టలేదు. దాన్ని పుట్టించే పని మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది.

కొత్త కార్డుకు పరిమితి ఎందుకంత తక్కువగా ఇస్తారు? నా జీతానికి ఇది చాలా తక్కువ కదా?

జీతం ఒక్కటే చూసి పరిమితి నిర్ణయించరు. మీకు ఇప్పటికే ఉన్న అప్పులు, వాటి నెలవారీ కిస్తీలు, పాత చెల్లింపుల చరిత్ర, ఆ చరిత్ర ఎన్నేళ్లది, ఈమధ్య ఎన్ని చోట్ల అప్పుకు దరఖాస్తు చేశారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటికి తోడు ఆ కార్డు రకానికి బ్యాంకు పెట్టుకున్న కనిష్ఠ, గరిష్ఠ మొత్తాలుంటాయి. మీ జీతం ఎంతైనా, తొలి కార్డుల కోసం ఉద్దేశించిన రకాన్ని తీసుకుంటే దాని గరిష్ఠ మొత్తం దాటి ఇవ్వరు.

క్రెడిట్ కార్డు మీద ఇచ్చే అప్పుకు తాకట్టు ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇంటి రుణం ఎగవేస్తే ఇల్లుంటుంది, బంగారం మీద అప్పు ఎగవేస్తే బంగారం ఉంటుంది. ఇక్కడ బ్యాంకుకు మిగిలేది మీ మాట ఒక్కటే. అందుకే మొదట కొద్దిగా ఇచ్చి, కొన్ని నెలలు చూసి, తర్వాత పెంచడం చాలా బ్యాంకుల పద్ధతి. తక్కువ పరిమితి ఇచ్చారంటే మిమ్మల్ని నమ్మలేదని బాధపడకండి. మీరెవరో వాళ్లకు ఇంకా తెలియదు, అంతే.

కార్డు వచ్చిన ఎన్నాళ్లకు అడగవచ్చు?

ఆరు నెలలు ఆగడం మంచిది. కొన్ని బ్యాంకులు మూడు నెలలకే దరఖాస్తు తీసుకుంటాయి, కొన్ని ఏడాది దాటాలంటాయి. మీ బ్యాంకు నియమం యాప్‌లోనో కార్డుతో వచ్చిన షరతుల పుస్తకంలోనో ఉంటుంది. లేకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘ఎన్ని నెలలు దాటాక అడగవచ్చు?’ అని మాత్రం అడగండి. అలా విచారించినంత మాత్రాన దరఖాస్తు చేసినట్టు కాదు.

రెండో నెలలోనే అడిగితే బ్యాంకు దగ్గర చూడడానికి ఒక్క బిల్లు ఉంటుంది. ఆరు నెలలకు ఆరు బిల్లులు, ఆరు చెల్లింపులు ఉంటాయి. మీరు అడిగేది అదే కార్డు గురించి, అదే మనిషి గురించి అయినా, జవాబు మారేది అక్కడే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. దరఖాస్తులో ఆదాయం తప్పుగా నమోదైందనుకోండి, ఏడాది జీతం రాయవలసిన చోట నెల జీతం పడిందనుకోండి, అప్పుడు ఆగనక్కర్లేదు. అది పెంపు కోసం చేసే విన్నపం కాదు, పొరపాటు సరిచేయమని కోరడం. కార్డు అందిన వారంలోనే, జీతం రుజువుతో సహా ఆ సంగతి బ్యాంకుకు తెలియజేయండి.

ఆ ఆరు నెలలూ ఏం చేయాలి?

ప్రతి నెలా కార్డు వాడండి, ప్రతి నెలా గడువులోగా బిల్లు మొత్తం కట్టండి. అడ్డదారులేవీ లేవు.

అయితే ఈ సులువైన పనిలోనే ఒక గొయ్యి ఉంది. అందులో మా తమ్ముడు పడ్డాడు. కార్డు వచ్చిన రోజే వాడు ఆటో చెల్లింపు పెట్టుకున్నాడు. గడువు తేదీన బ్యాంకు ఖాతాలోంచి డబ్బు దానంతట అదే వెళ్లిపోతుంది కాబట్టి ఇక దిగులు లేదనుకున్నాడు. ఏడో నెలలో పరిమితి పెంచమని అడిగితే కాదన్నారు. ఇద్దరం కూర్చుని బిల్లులు తెరిచాం. మొదటి నెల తప్ప ప్రతి బిల్లులోనూ ‘గత బకాయి’ అన్న వరుసలో ఒక మొత్తం ఉంది, దాని కింద వడ్డీ, వడ్డీ మీద పన్ను. ఆటో చెల్లింపు పెట్టినప్పుడు యాప్ రెండు ఎంపికలు చూపిస్తుంది: ‘మొత్తం బకాయి’, ‘కనీస చెల్లింపు’. వాడు చూసుకోకుండా రెండోది నొక్కాడు. ఆరు నెలలూ వాడికి ఆలస్య రుసుము పడలేదు, ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. బ్యాంకు కంటికి మాత్రం నెలనెలా అప్పు తీర్చలేక కనీస మొత్తంతో నెట్టుకొస్తున్న మనిషిలా కనిపించాడు.

ఇది చదువుతున్న మీరు ఇప్పుడే యాప్ తెరిచి, మీ ఆటో చెల్లింపు ఏ ఎంపిక మీద ఉందో చూడండి. మిగతా జవాబులు తర్వాత చదవవచ్చు.

కార్డును అసలు వాడకుండా పక్కన పెట్టడమూ లాభం లేని పనే. వాడని కార్డుకు పరిమితి పెంచవలసిన అవసరం ఏ బ్యాంకుకూ కనబడదు. ఫోన్ బిల్లు, కరెంటు బిల్లు లాంటి ఎలాగూ తప్పని ఖర్చులను దాని మీదకు మార్చండి. పరిమితి కోసమని కొత్త ఖర్చులు మాత్రం మొదలుపెట్టవద్దు.

నా వాడకం పరిమితిలో 80 శాతం దాటుతోంది. ఎక్కువ పరిమితి అవసరమని బ్యాంకుకు దీనివల్ల అర్థమవుతుందా, లేక చెడ్డపేరా?

రెండూ జరగవచ్చు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మీ పరిమితిలో ఎంత శాతం బకాయిగా ఉందన్నదాన్ని వినియోగ నిష్పత్తి అంటారు. అప్పులు తిరిగి కట్టే తీరును బట్టి మీకు ఇచ్చే క్రెడిట్ స్కోరు లెక్కల్లో దీనికి పెద్ద పీట ఉంది. అమెరికాలో 1989 నుంచి వాడుకలో ఉన్న ఫైకో స్కోరునే తీసుకుంటే, చెల్లింపుల చరిత్రకు 35 శాతం, ఉన్న బకాయిలకు 30 శాతం, చరిత్ర ఎంత పాతదన్నదానికి 15 శాతం, కొత్త దరఖాస్తులకు 10, అప్పుల రకాలకు 10 శాతం బరువు ఇస్తారు. ఆ 30 శాతంలో కార్డుల వినియోగ నిష్పత్తిది ముఖ్యమైన పాత్ర. నిష్పత్తి 30 శాతం లోపు ఉండాలన్నది అందరూ చెప్పే మాట. అది గీత గీసినట్టున్న నియమం కాదు, తక్కువ ఉన్నకొద్దీ మంచిదని అర్థం చేసుకోండి.

కొత్త కార్డు ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పరిమితి చిన్నది కాబట్టి మామూలు ఇంటి ఖర్చుకే నిష్పత్తి పైకి పోతుంది. ఉదాహరణకు పరిమితి 50,000, బిల్లు తయారయ్యే తేదీ 10, కట్టవలసిన గడువు 30 అనుకుందాం. నెలలో 42,000 ఖర్చు పెట్టారు. 10న వచ్చిన బిల్లులో బకాయి 42,000. అంటే 84 శాతం. 30వ తేదీన మీరు పైసా మిగల్చకుండా కట్టేసినా, అందరి అప్పుల చరిత్రనూ నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు వెళ్లేది చాలాసార్లు బిల్లు తేదీనాటి అంకె. మీరు అప్పు మోయని మనిషే అయినా, పీకల దాకా వాడుకున్న మనిషిలా కాగితం మీద కనిపిస్తారు.

దీనికి విరుగుడు తేలికైనదే. అదే నెలలో 7వ తేదీన 30,000 ముందుగా కట్టేయండి. 10న వచ్చే బిల్లులో బకాయి 12,000 ఉంటుంది, నిష్పత్తి 24 శాతానికి దిగుతుంది. మిగిలిన 12,000 గడువులోగా కడితే సరి. ఖర్చు మారలేదు, కట్టిన మొత్తం మారలేదు, కట్టిన తేదీ ఒక్కటే మారింది. చెల్లింపు ఖాతాలో జమ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కాబట్టి బిల్లు తేదీకి మూడు రోజుల ముందే కట్టండి.

భారతదేశంలో ఉన్నవారికి ఇంకో మాట. 2025 జనవరి నుంచి అక్కడి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలి. అందువల్ల బిల్లు తేదీ ఒక్కటే కీలకం అనుకోవడానికి లేదు. నెలలో ఏ రోజు చూసినా బకాయి మరీ ఎక్కువ లేకుండా, వారం పది రోజులకోసారి కొంత కొంత కట్టడం అక్కడివారికి మేలు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. కట్టడం, మళ్లీ వాడడం, మళ్లీ కట్టడం చేస్తూ 50,000 పరిమితి మీద ఒకే నెలలో లక్షన్నర తిప్పారనుకోండి, అది బ్యాంకుకు అనుమానంగా తోస్తుంది. ఒకసారి అవసరమై చేస్తే ఫరవాలేదు. ప్రతి నెలా అలా చేయవలసి వస్తోందంటే పరిమితి నిజంగానే చాలడం లేదు, అడగవలసిన సమయం వచ్చింది.

అడిగితే క్రెడిట్ స్కోరు తగ్గుతుందా?

బ్యూరో దగ్గరున్న మీ అప్పుల చరిత్రను, అంటే మీ క్రెడిట్ నివేదికను, బ్యాంకు ఏ విధంగా చూస్తుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. సాఫ్ట్ ఎంక్వయిరీ, అంటే పైపైన చూసే విచారణ అయితే స్కోరుకు ఏమీ కాదు. హార్డ్ ఎంక్వయిరీ, అంటే అప్పు కోసం అడిగారని నివేదికలో నమోదయ్యే విచారణ అయితే కొద్దిగా తగ్గవచ్చు. ఫైకో లెక్కలో ఒక్క హార్డ్ ఎంక్వయిరీకి చాలామందికి తగ్గేది ఐదు పాయింట్ల లోపే. అది నివేదికలో రెండేళ్లు కనబడినా, స్కోరు మీద ప్రభావం ఏడాదితో పోతుంది.

అడిగే ముందే ‘దీనికి హార్డ్ ఎంక్వయిరీ చేస్తారా?’ అని సూటిగా అడగండి. అది మీకున్న హక్కు. చేస్తామంటే, రాబోయే ఆరు నెలల్లో ఇంటి రుణానికో వాహన రుణానికో వెళ్లే ఆలోచన ఉన్నవారు ఈ పని వాయిదా వేసుకోవడం మంచిది. అలాంటి ఆలోచన లేనివారు ఆ నాలుగైదు పాయింట్ల గురించి నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు. పరిమితి పెరిగితే వినియోగ నిష్పత్తి దిగుతుంది. పైన చెప్పిన 42,000 బకాయి 1,50,000 పరిమితి మీద 28 శాతమే అవుతుంది. పోయిన పాయింట్లు అక్కడ తిరిగి వస్తాయి.

ఎంత పెంచమని అడగాలి?

మీ ఖర్చు నుంచి లెక్క కట్టండి. గత ఆరు బిల్లుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకోండి. అది పరిమితిలో 30 శాతం ఉండాలంటే పరిమితి ఎంత కావాలో చూడండి. పెద్ద బిల్లు 36,000 అయితే 1,20,000 వస్తుంది. ఆ అంకెకు ఒక కారణం ఉంది, ఎవరు అడిగినా చెప్పగలరు.

తర్వాత వాస్తవం చూసుకోవాలి. ఇప్పుడున్నది 50,000 అయితే తొలిసారి రెట్టింపు దాకా అడగడం సబబుగా ఉంటుంది, ఐదారు రెట్లు అడిగితే కాదు. మీరు అడిగినంత కాకుండా అందులో కొంత ఇస్తామని బ్యాంకు అనవచ్చు. ఇచ్చింది తీసుకోండి. కొన్ని బ్యాంకులు పెద్ద మొత్తం అడిగితే అదనపు పత్రాలు కోరతాయి, మరికొన్ని నేరుగా తిరస్కరిస్తాయి.

ఆ పెంచిన పరిమితి మొత్తం ఒకేసారి వాడేస్తే తిరిగి కట్టడానికి మీకు ఎన్నాళ్లు పడుతుందో కూడా కాగితం మీద వేసి చూడండి. ఆస్ట్రేలియాలో 2019 జనవరి నుంచి బ్యాంకులే ఈ లెక్క వేయాలి: పరిమితి మొత్తాన్ని మూడేళ్లలో తీర్చగలరని తేలితేనే ఇవ్వాలన్నది అక్కడి నియమం. మీ దేశంలో అలాంటి నియమం లేకపోయినా ఆ కొలత మీరు వాడుకోవచ్చు. నాకు తెలిసి ఇంతకంటే మంచి కొలత లేదు.

ఎక్కడ అడగాలి? ఫోన్‌లో ఏమని మాట్లాడాలి?

యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఆ సదుపాయం ఉంటే అక్కడే అడగండి. ఆదాయం, ఉద్యోగం, కావలసిన మొత్తం నింపితే చాలాసార్లు నిమిషాల్లో జవాబు వస్తుంది. జవాబు మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది.

ఫోన్‌లో అడిగితే ఒక సౌలభ్యం ఉంది, మీ పరిస్థితి వివరించవచ్చు. కార్డు వెనుక ముద్రించిన నంబరుకే చేయండి. సంభాషణ ఇలా సాగితే బాగుంటుంది.

‘నమస్కారమండీ. ఈ కార్డు తీసుకుని ఏడు నెలలైంది. ప్రతి బిల్లూ గడువులోగా పూర్తిగా కట్టాను. దరఖాస్తు చేసినప్పటికంటే ఇప్పుడు నా జీతం పెరిగింది. పరిమితి 50,000 నుంచి లక్షకు పెంచమని అడుగుదామనుకుంటున్నాను. దీనికి హార్డ్ ఎంక్వయిరీ చేస్తారా?’

‘ఏ అవసరం కోసం అడుగుతున్నారండీ?’

‘ఇంటి బిల్లులన్నీ ఈ కార్డు మీదకే మార్చాను. నెలకు 35,000 దాకా అవుతోంది. నెల మధ్యలోనే ముందుగా కట్టవలసి వస్తోంది.’

అంతే. కాలం, చెల్లింపులు, ఆదాయం, అంకె, అవసరం ఐదూ వచ్చేశాయి. ‘డబ్బుకు ఇబ్బందిగా ఉంది’, ‘వేరే కార్డు బిల్లు కట్టాలి’ లాంటి మాటలు బ్యాంకును వెనక్కి లాగుతాయి. అవి నిజమైతే అసలు పెంపు అడగవలసిన సమయం అది కాదు, దాని గురించి కింద వేరే ప్రశ్నలో రాశాను. మాట్లాడిన తర్వాత అభ్యర్థన సంఖ్య అడిగి తీసుకోండి.

ఏ పత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి?

ఉద్యోగులైతే ఇటీవలి రెండు మూడు నెలల జీతం రసీదులు, సొంత పని చేసేవారైతే పన్ను రిటర్నులు, బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లు. ఆ బ్యాంకులోనే మీ జీతం ఖాతా ఉంటే ఏమీ అడగకపోవచ్చు.

పత్రాలకంటే ముందు చూడవలసింది ప్రొఫైల్. మీరు కార్డు తీసుకున్ననాటి ఆదాయమే బ్యాంకు దగ్గర ఉంటుంది. ఆ తర్వాత జీతం పెరిగినా, ఉద్యోగం మారినా బ్యాంకుకు తనంతట తాను తెలియదు. పెంపు అడగడానికి ముందు ఆదాయం, ఉద్యోగం, చిరునామా సరిచేయించండి. ఒక్కోసారి ఆదాయం సరిచేసిన కొద్ది వారాలకే బ్యాంకు నుంచి పెంపు ప్రతిపాదన వస్తుంది.

ఆదాయం కాస్త ఎక్కువ చేసి చెబితే?

వద్దు. అప్పు కోసం తప్పుడు ఆదాయం చూపడం చాలా దేశాల్లో నేరం. బయటపడితే కార్డు రద్దు చేస్తారు, ఆ బ్యాంకులో ఇక ఏ రుణానికీ మీ పేరు చెల్లదు. బోనసు, అద్దె, పార్ట్‌టైమ్ సంపాదన లాంటి నిజమైన ఆదాయాలను చాలామంది రాయడం మరిచిపోతారు. రుజువున్నవన్నీ రాయండి.

నేను అడగకుండానే బ్యాంకే పరిమితి పెంచుతామంటోంది. ఒప్పుకోవాలా?

మీ ఇష్టం. కొత్త కార్డు ఆరు నెలలో ఏడాదో నిండాక బ్యాంకులు తమంతట తామే సమీక్షిస్తాయి. అలా వచ్చే ప్రతిపాదనకు సాధారణంగా హార్డ్ ఎంక్వయిరీ ఉండదు, కాబట్టి మీకు పనికొస్తుందనుకుంటే తీసుకోవడం లాభమే.

మీ అనుమతి విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో నియమం. భారతదేశంలో రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కార్డుదారు స్పష్టమైన అంగీకారం లేకుండా పరిమితి పెంచకూడదు. ఆస్ట్రేలియాలో ఇంకా గట్టిగా, అడగనివారికి అలాంటి ప్రతిపాదన పంపడాన్నే 2018 జులై నుంచి నిషేధించారు. అమెరికాలో 2009 నాటి చట్టం ప్రకారం పరిమితి పెంచే ముందు మీకు కట్టే స్తోమత ఉందో లేదో బ్యాంకు చూడాలి. ఈ నియమాలన్నీ వేర్వేరు చోట్ల పుట్టినా కారణం ఒకటే. చేతికందిన పరిమితి చూసి స్తోమతకు మించి వాడి, అప్పుల్లో కూరుకుపోయినవారు అన్ని చోట్లా ఉన్నారు. మీ మీద మీకు నమ్మకం తక్కువగా ఉన్న రోజుల్లో ‘వద్దు’ అని నొక్కడానికి మొహమాటపడకండి. వద్దన్నందుకు స్కోరు తగ్గదు.

‘మీ కార్డు పరిమితి పెంచుతున్నాం, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ వచ్చింది. నిజమేనా?

మోసం. సందేహం లేకుండా మోసం. వెంటనే ఫోన్ పెట్టేయండి.

కొత్త కార్డు తీసుకున్నవారు పెంపు కోసం ఎదురు చూస్తుంటారని ఈ మోసగాళ్లకు బాగా తెలుసు. మాట తీరు ఎంతో మర్యాదగా ఉంటుంది. మీ పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఒక్కోసారి పుట్టిన తేదీ కూడా వాళ్లే చెబుతారు. నమ్మకం కుదిరాక ‘ఇప్పుడు మీకొక నంబరు వస్తుంది, పెంపు నిర్ధారణ కోసం అది చదవండి’ అంటారు. అదే సమయంలో అవతల మీ కార్డు మీద ఏదో కొంటూ ఉంటారు. మీకు వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదివితే, ఆ ఓటీపీ ఫలానా మొత్తం చెల్లించడానికని అందులోనే రాసి ఉంటుంది. తొందరపెట్టి ఆ వరుస చదవనివ్వకుండా చేయడమే వాళ్ల నేర్పు. ఇంకొందరు మీ ఫోన్ తెరను చూపించే యాప్ వేసుకోమంటారు, లేదా లింకు పంపి కార్డు వెనుక ఉన్న మూడంకెల సంఖ్య నింపమంటారు.

ఓటీపీ, పిన్, ఆ మూడంకెల సంఖ్య ఎవరికీ చెప్పకండి. పెంపు నిజమైన ప్రతిపాదనే అయితే మీ యాప్‌లోకి మీరుగా వెళ్లినా కనబడుతుంది. చెప్పేశారా? సిగ్గుపడుతూ కూర్చోకండి, ఒక్క నిమిషం కూడా ఆగకండి. యాప్‌లో కార్డును బ్లాక్ చేసి, కార్డు వెనుక నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. పోయిన డబ్బు తిరిగి రావడానికి ఫిర్యాదు ఎంత త్వరగా చేశారన్నదే కీలకం.

కాదన్నారు. ఇప్పుడేం చేయాలి?

మొదట కారణం తెలుసుకోండి. అమెరికాలో తిరస్కరిస్తే కారణాలను తెలియజేయడం బ్యాంకుల చట్టపరమైన బాధ్యత. అలాంటి చట్టం లేని చోట కూడా అడిగితే చాలాసార్లు చెబుతారు. ‘ఖాతా కొత్తది’ అంటే ఆగడం తప్ప వేరే మందు లేదు. ‘బకాయిలు ఎక్కువ’ అంటే రెండు మూడు నెలలు వాటిని తగ్గించుకోండి. ‘ఆదాయం చాలదు’ అంటే ప్రొఫైల్‌లో పాత అంకె ఉందేమో చూడండి. ‘ఇటీవల దరఖాస్తులు ఎక్కువ’ అంటే కొంతకాలం ఎక్కడా కొత్త అప్పు అడగవద్దు.

కారణం మీ పరిస్థితికి పొంతన లేకుండా ఉంటే మీ క్రెడిట్ నివేదిక తెప్పించుకుని వరుస వరుసా చదవండి. తీరిపోయిన అప్పు ఇంకా తెరిచి ఉన్నట్టు, మీది కాని రుణం మీ పేరున ఉన్నట్టు కనబడడం జరిగేదే. భారతదేశంలో నాలుగు బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అమెరికాలో మూడు బ్యూరోల నుంచీ ఉచితంగా తీసుకోవచ్చు. తప్పు కనిపిస్తే బ్యూరోకూ ఆ బ్యాంకుకూ ఇద్దరికీ రాయండి.

మర్నాడే మళ్లీ అడగడం, అదే వారంలో మరో మూడు బ్యాంకుల్లో కొత్త కార్డుకు దరఖాస్తు చేయడం మాత్రం చేయకండి. కోపంలో చేసే ఆ పని మీ నివేదికలో తీరని అవసరంలా కనిపిస్తుంది.

కార్డు మీద బకాయి పేరుకుపోయింది. పరిమితి పెరిగితే కాస్త ఊపిరాడుతుంది కదా?

ఈ ప్రశ్న అడిగేవారి గొంతులో ఆందోళన నాకు తెలుసు. అందుకే మెత్తగానే అయినా స్పష్టంగా చెబుతాను. ఊపిరాడదు, ఉరి బిగుస్తుంది.

లెక్క చూడండి. బకాయి 1,00,000, వడ్డీ నెలకు 3 శాతం, కనీస చెల్లింపు 5 శాతం అనుకుందాం. మీరు 5,000 కడితే అందులో 3,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2,000. నెలకు 3 శాతమంటే చూడడానికి చిన్నదే. చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైగా పాత బకాయి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా సాధారణంగా వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పెరిగిన పరిమితి ఈ మంట మీద పోసే నూనె అవుతుంది.

కార్డు వాడకం ఆపి, బ్యాంకుకు ఫోన్ చేసి బకాయిని తక్కువ వడ్డీ కిస్తీలుగా మార్చమని అడగండి. లేదంటే తక్కువ వడ్డీకి వ్యక్తిగత రుణం తీసుకుని కార్డు బకాయి తీర్చేయండి. పరిమితి సంగతి అది తీరాక చూసుకోవచ్చు.

ఒక్కసారి పెద్ద ఖర్చు ఉంది, దానికోసం శాశ్వతంగా పెంచుకోవాలా?

అక్కర్లేదు. కొన్ని బ్యాంకులు ప్రయాణం, వైద్యం లాంటి వాటికి తాత్కాలికంగా పెంచుతాయి, గడువు కాగానే పాత పరిమితికి తెస్తాయి. ఆ గడువులోగా బకాయి పాత పరిమితి లోపలికి దించకపోతే అధిక వాడకం రుసుము పడవచ్చు, అది ముందే అడిగి తెలుసుకోండి.

పెంపు అడగడం మేలా, రెండో కార్డు తీసుకోవడం మేలా?

తొలి కార్డు ఏడాది లోపుదైతే పెంపే మేలు. కొత్త కార్డుకు హార్డ్ ఎంక్వయిరీ ఖాయం, మీ ఖాతాల సగటు వయసు తగ్గుతుంది, గుర్తుంచుకోవలసిన గడువు తేదీలు రెండవుతాయి. ఒకే బ్యాంకులో మీకు ఇప్పటికే రెండు కార్డులుంటే, ఒకదాని పరిమితిలో కొంత రెండోదానికి మార్చమని అడగవచ్చు. బ్యాంకు కొత్తగా మోసే భారమేదీ ఉండదు కాబట్టి ఇది సులువుగా జరుగుతుంది.

నాది డిపాజిట్ మీద ఇచ్చిన కార్డు. నాకూ పెంచుతారా?

పెంచుతారు. డిపాజిట్ పెంచితే పరిమితి పెరుగుతుంది, దీనికి వాదన అక్కర్లేదు. ఏడాది పాటు సక్రమంగా కట్టాక డిపాజిట్ లేని మామూలు కార్డుకు మార్చమని అడగడం ఇంకా మంచి దారి.

పరిమితి పెరిగితే నగదు తీసుకునే పరిమితీ పెరుగుతుందా?

తరచుగా పెరుగుతుంది, ఎందుకంటే అది మొత్తం పరిమితిలో ఒక భాగం. వాడకండి. తీసుకున్న రోజు నుంచే వడ్డీ, దానికి తోడు రుసుము.

పెద్ద పరిమితి వల్ల నష్టమేమైనా ఉందా?

బకాయి అదుపులో ఉన్నవారికి స్కోరు పరంగా నష్టం లేదు. ఇంటి రుణానికి వెళ్లేటప్పుడు మాత్రం కొన్ని చోట్ల అడ్డు తగులుతుంది. ఉదాహరణకు ఆస్ట్రేలియాలో మీరు కార్డు వాడకపోయినా, పరిమితి మొత్తం అప్పుగా ఉన్నట్టే లెక్కించి రుణం తగ్గిస్తారు. అలాంటి సమయంలో అనవసరమైన పరిమితిని తగ్గించుకుని వెళ్లడం మంచిది.

కార్డు వివరాలు దొంగల చేతిలో పడితే పోయేది కూడా పెద్ద మొత్తమే అవుతుంది. చాలా యాప్‌లలో ఆన్‌లైన్ కొనుగోళ్లకు, విదేశీ చెల్లింపులకు, నగదుకు విడివిడిగా గరిష్ఠ మొత్తం పెట్టుకునే వీలుంది. పెంపు వచ్చిన రోజే అవి సరిచేయండి. ఇంట్లో ఎవరికైనా అనుబంధ కార్డు ఇచ్చి ఉంటే అదీ ఇదే పరిమితిలోంచి వాడుతుందని మరవకండి.

ఒకసారి పెరిగిన పరిమితిని బ్యాంకు మళ్లీ తగ్గించగలదా? మళ్లీ పెంపు ఎప్పుడు అడగవచ్చు?

తగ్గించగలదు. చెల్లింపు తప్పినా, ఇతర అప్పుల్లో మీ పరిస్థితి దిగజారినా, చాలాకాలం కార్డు వాడకపోయినా తగ్గిస్తారు. ఆర్థిక పరిస్థితులు బాగా లేనప్పుడు మీ తప్పేమీ లేకుండానే తగ్గించడమూ ఉంది. అలాంటి సందేశం వస్తే వెంటనే కొత్త పరిమితి మీద మీ వినియోగ నిష్పత్తి ఎంతైందో చూసి, బిల్లు తేదీ లోపు కొంత ముందుగా కట్టండి.

మళ్లీ అడగడానికి ఆరు నెలలు ఆగండి. పెంపు వచ్చిన తేదీ, అడిగిన అంకె, ఇచ్చిన అంకె, కాదంటే చెప్పిన కారణం ఒక చోట రాసి పెట్టుకోండి. మా తమ్ముడు ఆటో చెల్లింపును ‘మొత్తం బకాయి’కి మార్చుకున్నాక సరిగ్గా ఆరు బిల్లులు చూసుకుని, ఆ చీటీ ముందు పెట్టుకునే రెండోసారి ఫోన్ చేశాడు. 40,000 పరిమితి 75,000 అయింది.